గహ్వా పోసే చాచా

పోయిన శుక్రవారం మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుండగా ఫోన్ మోగింది. రాయచోటి నుంచి చాచా కూతురు.

"నాయన తెల్లారి నమాజుకు లేసినాడన్నా. కాళ్ళు చేతులు కడుక్కోని గోడకు ఆనుకోని కూచున్నాడు. అంతే, మళ్ళా లేయల్యా" అంది.

నాకు చావు కబురు వినడం చేతకాదు. "అయ్యో, ఎప్పుడమ్మా?" అన్నాను, ఆ పిల్ల అప్పుడే చెప్పినా. తర్వాత ఏమనాలో తోచక "భోంచేశారా?" అని కూడా అడిగాను. "తిన్నామన్నా" అని ఆ పిల్లే నన్ను గట్టెక్కించింది. ఫోన్ పెట్టేశాక నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను.

చాచా అంటే నాకేమీ బంధువు కాదు. కువైట్లో, అర్దియా పేటలో ఒక కువైటీ పెద్దాయన ఇంట్లో ఇరవై ఆరేళ్ళు గహ్వా పోసిన మనిషి. గహ్వా అంటే అరబ్బుల కాఫీ. పేరు అందరికీ తెలిసినా ఆ ఇంటి ముందు ఆగే కార్ల డ్రైవర్ల దగ్గర్నుంచి నా దాకా అందరం చాచా అనే పిలిచేవాళ్ళం.

ఆయన పరిచయం కావడానికి కారణం నా పాండిత్యం. నేను కాకినాడ వాణ్ణి. అర్దియా ఇండస్ట్రియల్ ఏరియాలో ఏసీ సామాన్ల గోడౌన్‌లో స్టోర్ కీపర్‌ని. అప్పటికి పధ్నాలుగేళ్ళుగా అదే గోడౌన్, అదే కుర్చీ. నాకు రాయడం వచ్చని మావాళ్ళలో ఒక అపోహ ఉంది. దాన్ని ప్రచారం చేసింది నేనే. అందుకని, కొత్తగా వచ్చే తెలుగువాళ్ళ కోసం మేం కొందరం కలిసి ఒక చిన్న పుస్తకం వేద్దామనుకున్నప్పుడు, 'కువైట్: దేశం, ప్రజలు' అనే మొదటి వ్యాసం నా నెత్తిన పడింది. పడిందంటే నేనే తల అడ్డం పెట్టాను.

దేశం గురించి చకచకా రాసేశాను. చిన్న దేశం, తూర్పున సముద్రం, దక్షిణాన సౌదీ, ఉత్తరాన ఇరాక్, కింద చమురు, పైన ఎండ. తర్వాత 'ప్రజలు' అని శీర్షిక పెట్టి, 'కువైటీలు అతిథి మర్యాదలకు పెట్టింది పేరు' అని రాసి ఆగిపోయాను. పెట్టింది పేరని నాకెవరు చెప్పారు? పధ్నాలుగేళ్ళలో ఒక్క కువైటీ ఇంటి గడప తొక్కలేదు. నాకు తెలిసిన కువైటీలు ముగ్గురు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండేందుకిచ్చే పర్మిట్, కౌంటర్లో ముద్ర కొట్టే ఆయన, నా కారుకి జరిమానా రాసిన పోలీసు, మా కంపెనీ యజమాని. యజమాని కూడా ఏడాదికోసారి పండక్కి చెయ్యి కలుపుతాడు, కళ్ళు మాత్రం నా వెనకవాడి మీద ఉంటాయి. ఈ ముగ్గురి మీద ఆధారపడి ఒక జాతి గురించి వ్యాసం రాయడానికి కూర్చున్నాను.

ఆ రోజుల్లోనే జమియాలో, అంటే పేట సహకార దుకాణంలో, చాచా కనిపించాడు. మడమల దాకా తెల్లటి దిష్దాషా, నెరిసిన గడ్డం, సన్నటి మనిషి. ఏలకుల డబ్బా ముందు నిలబడి ఒక్కో కాయా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు. నచ్చినవి కుడిచేతి సంచిలోకి, నచ్చనివి మళ్ళీ డబ్బాలోకి. వెనక నేను, నా వెనక ఇంకో నలుగురు. "అయ్ బాబోయ్, ఈ పెద్దాయన పెళ్ళిచూపులకొచ్చాడేంటి" అని తెలుగులో గొణిగాను. ఆయన తిరక్కుండానే అన్నాడు.

"పిల్లనైతే ఒకసారి చూస్తే చాలప్పా. ఇది దినామూ తాగేది."

నా ముఖం ఎర్రబడింది. ఆయన నవ్వాడు. బయటికొచ్చాక నా వ్యాసం సంగతి చెప్పాను. గహ్వా పోసేవాడికి దేశం గురించి నేనేదో వివరించినట్టే చెప్పాను కూడా. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఈ దేశమంటే దివానియా సార్" అన్నాడు చివరికి. "మొగోళ్ళు కూచునే చావిడి. ఇంటికి ముందర ఉంటాది. పెండ్లి మాట ఆడనే, కొట్లాట ఆడనే, రాజీ ఆడనే. దానికి తలుపుంటాది గానీ గడియ ఉండదు."

"మరి లోపల, ఇంట్లో ఎలా ఉంటారండీ?"

"అది నాకు తెల్దు. ఇరవై ఆరేండ్లాయ, నడవ దాటి లోపలికి పోల్యా. అది కావల్లంటే వంటచేసే ఆమెనడుగు. ఆమెకు దివానియా తెల్దు. మా ఇద్దర్నీ కలిపితే నీకు ఒక ఇల్లు తెలుస్తాది. దేశం కావల్లంటే రోంత కష్టమే."

నేను జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాను. ఆయన నా పెన్ను వైపు చూసి, "రాసుకుంటే యామొస్తాది? పండగనాడు రా, చూద్దువు" అన్నాడు.

ఈద్ రోజు పొద్దున్నే వెళ్ళాను. ఆ ఎండలో కోటు వేసుకుని వెళ్ళాను. చేతిలో మా ఊరినుంచి వచ్చిన పూతరేకుల డబ్బా. పొడుగాటి గది, గోడల చుట్టూ మెత్తలు, వాటి మీద పాతికమంది. అలాంటి చోట లోపలికి రాగానే కుడివైపు నుంచి మొదలుపెట్టి వరసగా అందరికీ చెయ్యి కలపాలిట. నేను నేరుగా గది మధ్యలోంచి నడిచి పెద్దాయన ముందు నిలబడి రెండు చేతులూ జోడించాను. పాతికమందిలో మా కంపెనీ యజమాని కూడా ఉన్నాడు. నన్నెక్కడో చూసినట్టుందని ఆలోచిస్తున్నాడు పాపం.

పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి. చాచా ఆయన్ని బాబా అని పిలుస్తాడు. పూతరేకు అందుకుని, కాగితం అనుకుని విప్పడం మొదలెట్టాడు. లోపల ఏమీ దొరకలేదు. మర్యాదస్తుడు కాబట్టి చాలా బాగుందన్నాడు.

అప్పుడు చూశాను చాచా పనితనం. ఎడమచేతిలో పొడుగు ముక్కు ఇత్తడి కూజా, కుడిచేతిలో పిడిలేని చిన్న కప్పులు ఒకదానిలో ఒకటి. కూజా ముక్కుతో కప్పు అంచుని టింగుమని తట్టి, మూడు గుక్కలకి మించకుండా పోస్తాడు. కప్పు పట్టుకున్న చేతిని చూసి, వచ్చినవాడు పనిపడి వచ్చాడో పొద్దుపోక వచ్చాడో చెప్పగలనని ఆయన ధీమా. నా చేతికీ ఒక కప్పు వచ్చింది. నోటి దగ్గర పెట్టుకున్నాను. కాకినాడలో గ్లాసుకి నాలుగు చెంచాలు పంచదార వేసుకునే వాణ్ణి. ఆ చేదు వాసనకే నాలుక వెనక్కి పోయింది. ఎవరూ చూడనప్పుడు ఎటో పారబోద్దామని, ముట్టకుండా కప్పు కింద పెట్టేశాను.

గదిలో మాటలు ఆగిపోయాయి. జపమాలలు తిప్పే వేళ్ళు కూడా ఆగిపోయాయి. పెద్దాయన సర్దుకుని కూర్చుని, నా వైపే చూస్తూ మెల్లగా ఏదో అన్నాడు. చాచా ముఖం పాలిపోయింది.

"సార్, బాబా అడుగుతాండాడు. నీకేం కావల్లో చెప్పు, అబ్షిర్, చేస్తా అంటాండాడు. కప్పు తీసుకొని తాగమంటాండాడు."

ఎంత గొప్ప మనుషులు, నా ఇబ్బంది కనిపెట్టేశారే అనుకున్నాను. కళ్ళు చెమర్చాయి కూడా. "పెద్దగా ఏమీ వద్దండీ. కాస్త పంచదార ఉంటే చాలు" అన్నాను.

చాచా ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. ఆ క్షణంలో ఆయన ఏ మాటనైనా నా మాటగా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నేనన్నదే అరబ్బీలో అన్నాడు. గది విరగబడి నవ్వింది. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ గిన్నెడు పంచదార తెప్పించాడు. గహ్వాలో పంచదార వేసుకు తాగినవాణ్ణి ఆ గోడలు చూడలేదట. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో నా పేరు బూ షకర్. చక్కెర అబ్బాయి కాదు, చక్కెరకి నాన్నని. ప్రతి శుక్రవారం రమ్మని ఆహ్వానం కూడా వచ్చింది. నేను గర్వంగా కోటు సర్దుకున్నాను.

దివానియా వెనక గహ్వా కాచే గదిలో చాచా అసలు సంగతి చెప్పాడు. అరబ్బుల ఇంట్లో అతిథి గహ్వా ముట్టకుండా కప్పు కింద పెట్టాడంటే, 'నాకు ఒక కోరిక ఉంది, తీరుస్తానంటేనే తాగుతాను' అని అర్థం. తీర్చగలిగినదైతే ఇంటాయన కాదనకూడదు. కాదంటే పరువు పోయినట్టు.

"ఈ ఇంట్లో మూడు మాట్లు చూసినా. ఒకమాటు పిల్లనడిగేదానికి వచ్చి పెట్టినారు. ఇంకోమాటు కారు కింద పడి ఈ ఇంటి మనిషి పోతే, మాఫీ చెయ్యమని పెట్టినారు. అన్నదమ్ములు ఏడేండ్లు మాట్లాడకుండా ఉంటే, కలపమని ఒకమాటు. నాలుగోది నువ్వు సార్. చక్కెరకు."

నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు అడిగాను. "మీరైతే ఏం అడిగేవారు చాచా?"

కప్పులు కడుగుతూ చెప్పాడు. ఆయన భార్యకి మతిమరుపు జబ్బు. మొదట వస్తువులు మరిచిపోయింది, ఇప్పుడు మనుషుల్ని.

"మొగాలు పోతాండాయి సార్. తోడబుట్టినోణ్ణి చూసి ఎవురబ్బీ నువ్వు అనిందంట. గొంతులు ఇంకా పట్టుకుంటాది. ఫోన్లో నేను అంటానే నగుతాది. వీడియో చూపిస్తే టీవీ అనుకుంటాది. ఆమెకాడ నా మొగం పోకముందే నేను పోవల్ల. వీసా క్యాన్సిల్ కొట్టించుకొని, ఖలాస్, ఇంటికి."

"సంతకం పెట్టాల్సింది బాబానే కదా, అడగలేదా?"

"పదకొండు మాట్లు అడిగినా. చెడ్డోడు కాదు సార్. నువ్వు పోతే నాకెవురు పోస్తారు, నేను సచ్చినాక పో అంటాడు. ఒకమాటు రెండు నెల్ల లీవు ఇచ్చె. ఒకమాటు గడియారం ఇచ్చె. కంబళ్ళు ఇచ్చె. అడిగినప్పుడల్లా ఏదో ఒకటి ఇస్తాడు, అడిగింది తప్ప."

"మీరే ఓసారి కప్పు కింద పెట్టకూడదూ?"

"కప్పు కూచున్నోనిది సార్. నేను నిలబడుకోనుండేవాణ్ణి."

ఆ మాట అని నా వైపు చూశాడు. నేనక్కడ కూర్చునే వాణ్ణి. ఆయన నన్నేమీ అడగలేదు. అడగక్కర్లేకుండానే నాకు అర్థమైంది, నా బుర్రకి అది గొప్పే. వచ్చే శుక్రవారం నేను పెడతానని వీరుడిలా చెప్పి వచ్చాను.

వచ్చే శుక్రవారం వెళ్ళాను. మా యజమాని నాకు ఎదురుగా కూర్చున్నాడు. పెద్దాయన నొచ్చుకుంటే మా యజమాని నొచ్చుకుంటాడు, మా యజమాని నొచ్చుకుంటే నా ఇఖామా నొచ్చుకుంటుంది. పంచదార వేసుకుని మూడు కప్పులు తాగి వచ్చేశాను. తర్వాతి శుక్రవారం పెద్దాయనకి జలుబు. ఆ పై వారం నాకు జలుబు. ఆ పై వారం జనం ఎక్కువ, ఆ పై వారం మరీ తక్కువ. పిరికివాడికి పంచాంగంలో మంచిరోజు దొరకదు. మధ్యలో నా వ్యాసం మాత్రం బ్రహ్మాండంగా పూర్తయింది. చాచా చెప్పినవన్నీ అందులో పెట్టాను, చాచాని తప్ప.

ఎనిమిదో శుక్రవారం చాచా నా కప్పు అంచుదాకా నిండుగా పోశాడు. వేలు కాలింది. నా మీద ఎంత అభిమానమో అని రూముకొచ్చి మావాళ్ళకి చెప్పుకున్నాను. మర్నాడు నా వ్యాసం ప్రూఫులు దిద్దుతుంటే నేనే రాసిన వాక్యం కంటబడింది: 'కప్పు నిండా పోస్తే, ఇక తాగి లేచి వెళ్ళమని అర్థం.' ఎర్రపెన్ను చేతిలో అలాగే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఇంకెవరికీ అలా పోసి ఉండడు. నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, అద్దంలో చూసుకోబుద్ధి కాని సిగ్గు.

తొమ్మిదో శుక్రవారం వెళ్ళాను, కోటు లేకుండా. చాచా నా ముఖం చూడకుండా గహ్వా పోశాడు. నేను ముట్టకుండా కప్పు కింద పెట్టాను.

గది గొల్లున నవ్వింది. "బూ షకర్! షకర్!" అని నాలుగువైపుల నుంచీ కేకలు. నా కోసమే ఒక పంచదార గిన్నె ఉంచారప్పటికి. పెద్దాయన చెయ్యి ఊపాడు, చాచా వెళ్ళి ఆ గిన్నె తెచ్చి నా ముందు వంగాడు. నేను మొదటిసారి చేసిన వెధవపని ఇప్పుడు ఆయన పీకకి చుట్టుకుంది. నేనేం చేసినా వాళ్ళకి అది వేళాకోళమే.

"లా, బాబా. షకర్ లా" అన్నాను, పంచదార వద్దని. నా అరబ్బీ గోడౌన్ అరబ్బీ. తే, తీసుకుపో, తక్కువైంది, రేపు. వాటితోనే లాక్కొచ్చాను. "ఈయన. ఇల్లు. భార్య. తల ఖలాస్. రేపు ఈయన ముఖం కూడా ఖలాస్. ఈయన్ని పంపించు."

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. మా యజమాని ఆ రోజు మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. పెద్దాయన మాత్రం నన్ను చూడలేదు. పంచదార గిన్నె పట్టుకుని నిలబడ్డ చాచానే చూస్తూ ఒక ప్రశ్న వేశాడు. చాచా తలవంచుకుని జవాబు చెప్పాడు. ఆ రెండు మాటలూ నాకు తర్వాత తెలిశాయి.

"నన్నడక్కుండా ఈయన్ని అడిగావా?"

"నిన్ను పదకొండుసార్లు అడిగాను బాబా. అప్పుడు నేను నిలబడి ఉన్నాను."

పెద్దాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తివాసీ వైపు చూశాడు. ఆ ముఖంలో కోపం లేదు, దెబ్బతిన్న మనిషి ముఖం అది. తర్వాత "అబ్షిర్" అన్నాడు. నా కప్పు చూపించి, తాగమన్నాడు. చల్లారిన గహ్వా, చేదుగా, మొత్తం తాగేశాను.

పది రోజుల్లో కాగితాలన్నీ అయిపోయాయి. ఎయిర్‌పోర్టుకి పెద్దాయన తనే కార్లో తీసుకొచ్చాడు గానీ కారు దిగలేదు. అద్దం దించి చాచా తల దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దుపెట్టి, మళ్ళీ అద్దం ఎత్తేశాడు.

ఇంటికి చేరిన నాలుగో రోజు చాచా ఫోన్ చేశాడు. ఆవిడ ఎలా ఉన్నారని అడిగాను.

"బాగుండాది సార్. నన్ను చూసి కొంగు కప్పుకొనె. ఎవురో పెద్దమనిషి వచ్చినాడు, కుర్చీ ఎయ్యండి అనె."

"మీరేమన్నారు?" అని అడిగాను.

"నీ మొగుణ్ణే నేను అని చెప్పినా. ఆయప్ప కువైట్లో ఉండాడు, సాయంత్రం అసర్ నమాజ్ అయినాక ఫోన్ చేస్తాడు, ఊరికే మాటలు చెప్పాకు అనె. ఏం చేసేది సార్? అసర్ కాంగానే సందులోకి పోయి, ఆడనుంచి ఫోన్ చేస్తాండా. బాగా మాట్లాడుతాది. ఇంటికి ఎవురో వచ్చినారు, మంచోడే, ముసిలోడు, గహ్వా బాగా చేస్తాడు అని నా సంగతి నాకే చెప్తాది."

పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటా. తర్వాత ఒకసారి కూతురు మాటల్లో అంది. "పండగకు వచ్చింటే గుర్తు పట్టేదన్నా. అప్పుడు ఫోటో చూపిస్తే నాయన అనేది." ఆ పిల్లకి నా తొమ్మిది శుక్రవారాల సంగతి తెలియదు. చాచా చెప్పలేదు. రెండేళ్ళపాటు ఎన్నోసార్లు మాట్లాడాడు, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇక్కడ పెద్దాయన ప్రతి శుక్రవారం నన్ను ఒకటే అడిగేవాడు, భార్య గుర్తుపట్టిందా అని. పట్టిందని చెప్పేవాణ్ణి.

నిన్న మళ్ళీ చాచా కూతురు ఫోన్ చేసింది. "అమ్మ అసర్ కాంగానే ఫోన్ పట్టుకొని కూచుంటాందన్నా. వారమాయ. అన్నం తినడం ల్యా. కువైట్ నుంచి ఒక మాట వస్తే తింటాదేమో" అంది.

నా గోదావరి యాసతో రాయచోటి మనిషిలా మాట్లాడబోతే పసిపిల్ల కూడా పట్టేస్తుంది. అందుకని నేను నేనుగానే చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"కువైట్ నుంచి అండీ. చాచాతో ఉండేవాణ్ణి" అన్నాను.

"ఆయప్ప యాడుండాడు?"

"పనిలో ఉన్నారండీ."

"జనముండారా?"

"ఉన్నారండీ, చాలామంది. ఆయన మిమ్మల్ని భోంచెయ్యమన్నారు."

"తింటాలే. ఆయప్పను పిలవాకు, మధ్యలో పిలిస్తే కోపం" అంది. తర్వాత కొంచెం ఆగి, "బాబా ఎప్పుడు పంపిస్తే అప్పుడే రమ్మను నాయనా. తొందరపడి బిన్నా రావల్లనేం ల్యా. నేనేం యాడికన్నా పోతాండానా" అంది.

అలాగేనండీ, చెప్తాను అన్నాను.